ఇల్లు లేని గృహస్థు: అద్దె, ఇరుగుపొరుగు, ధర్మం

నగరంలో ఓ మోస్తరు ఆదాయంతో, సొంత ఇల్లు లేకుండా బతికే కుటుంబం ఏ పేటలో అద్దెకు దిగాలన్న ప్రశ్నను సాధారణంగా లెక్కల ప్రశ్నగానే చూస్తారు. జీతమెంత, అద్దె ఎంత, అడ్వాన్సు ఎన్ని నెలలది, మెయింటెనెన్సు అద్దెలో కలిసినట్టా విడిగానా అని కూడికలూ తీసివేతలూ చేసి, చివరికి మిగిలిన అంకెను బట్టి కాలనీ పేరు తేలుస్తారు. అయితే ఆ అంకెతో పాటే మరికొన్ని సంగతులు కూడా తేలిపోతాయి: ఆ కుటుంబం ఎవరి పక్కన బతుకుతుంది, పిల్లలు ఎవరి పిల్లలతో ఆడుకొంటారు, ఇంటిపెద్ద రోజులో ఎన్ని గంటలు ఇంట్లోవాళ్ల మధ్య గడపగలుగుతాడు, ఊరి నుంచి చుట్టం వస్తే ఒక రాత్రి పడక చూపించగలరా లేదా. ఇవన్నీ భారతీయ చింతన మొదటి నుంచీ ధర్మానికి సంబంధించినవిగా ఎంచిన విషయాలే కనుక, అద్దె ఇంటి ఎంపికను కూడా ధర్మవిచారంగా, అంటే ఏది చేయదగినదో, ఎందుకు చేయదగినదో తర్కించి తేల్చుకొనే విచారంగా చేపట్టడం న్యాయం.

నివాసస్థలం మంచిచెడ్డలను చర్చించడం ఈ సంప్రదాయాలకు కొత్త కాదు. మనిషికి నిజమైన శుభాలు ఏవో బుద్ధుడు వరుసగా చెప్పినట్టు పాళీ భాషలో నిలిచిన మంగళసుత్తం, తగిన చోట నివసించడాన్ని ఆ శుభాల్లో ఒకటిగా లెక్కపెట్టింది. తెలుగువాళ్లకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం సుమతీ శతకంలో ఉంది. బద్దెన రచనగా చెప్పుకొనే ఆ శతకంలో, తరతరాలుగా బడిపిల్లలు వల్లె వేస్తూ వచ్చిన ఒక పద్యం, ఊరిని ఎంచుకోవడానికి నాలుగు గుర్తులు చెబుతుంది: అవసరానికి అప్పిచ్చేవాడు, వైద్యుడు, ఎడతెగకుండా పారే ఏరు, ద్విజుడు. ఈ నాలుగూ ఉన్న ఊళ్లో ఉండాలనీ, లేని ఊళ్లో అడుగుపెట్టవద్దనీ దాని తాత్పర్యం. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా ఇంటికి సంబంధించినది కాదన్నది గమనించదగిన విషయం. ఇల్లు ఎన్ని అంకణాలదో, ఏ దిక్కు చూస్తుందో శతకకారుడు అడగలేదు. ఇంటి బయట ఏముందో మాత్రమే అడిగాడు. నేటి అద్దెదారు తరచుగా దీనికి తలకిందులుగా నడుస్తాడు. ముందు పోర్షన్ చూస్తాడు, గదులు లెక్కపెడతాడు, తూర్పు గుమ్మమా కాదా అని తేల్చుకొంటాడు, పేట సంగతి సామాను దించిన తరువాత తెలుసుకొంటాడు.

ఈ గుర్తులను హైదరాబాదు వంటి నగరానికి అన్వయిస్తే మొదటిదే ఎక్కువ ఆలోచింపజేస్తుంది. అప్పిచ్చేవాడు అనగానే వడ్డీ వ్యాపారి తలపుకు వస్తాడు, లేదా ఈ కాలంలో బ్యాంకూ, ఫోనులో అప్పు మంజూరు చేసే యాపూ తలపుకు వస్తాయి. పద్యం ఉద్దేశం మాత్రం ఆపదలో చేయి అందించే పరిచయస్థుడు ఉండాలన్నదే. కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, చిక్కడపల్లి వంటి పాత పేటల్లో నేటికీ ఈ అర్థాన్ని నిలబెడుతున్నది వీధి మలుపులోని కిరాణా కొట్టు ఖాతా. కొత్తగా దిగిన అద్దెదారుకు కొట్టువాడు ఖాతా పెట్టడు. కొన్ని నెలలు రొక్కం ఇచ్చి కొనుక్కోవాలి. పిల్లవాడు ఒక్కడే వచ్చి పెరుగు ప్యాకెట్టు పట్టుకెళ్లడం, ఇంటావిడ పేరు కొట్టువాడికి తెలియడం, ఒకనాడు చిల్లర లేకపోతే తరువాత ఇద్దురుగాని అనడం, ఆ పైన అట్ట చిరిగిన నోటుపుస్తకంలో ఒక పేజీ తెరవడం ఇవన్నీ వరుసగా జరుగుతాయి. ఆ పేజీ పైన చాలాసార్లు మనిషి పేరు ఉండదు. ఫలానా మేడ రెండో అంతస్తు అని మాత్రమే ఉంటుంది. జీతం ఆలస్యమైన నెలలో ఆ కుటుంబం అన్నం తినడానికి ఆ పేజీయే ఆధారం. ఇటువంటి ఖాతా పుట్టడానికి కాలం కావాలి, ఒకే చోట నిలకడగా ఉండడం కావాలి. అద్దె రెండు వేలు తగ్గుతుందని ఏటేటా పేట మార్చే కుటుంబం ప్రతిసారీ ఈ విశ్వాసాన్ని మొదటి నుంచి సంపాదించుకోవలసి వస్తుంది, ఆ నష్టం ఏ బడ్జెట్టు కాగితంలోనూ కనిపించదు.

నీటి సంగతి మరింత తీవ్రమైనది. శతకకారుడి కాలంలో ఏరు ఊరి పక్కన పారేది. హైదరాబాదుకు తాగునీరు ప్రధానంగా మంజీరా, కృష్ణా, గోదావరి నదుల నుంచి వస్తుంది, అందులో కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ప్రయాణించి వస్తాయి. అందుచేత నేడు ఏరు ఉన్న చోటు అంటే నల్లా కనెక్షన్ ఉన్న వీధి. నగరం అంచున కొత్తగా లేచిన కాలనీల్లో అద్దె తక్కువగా ఉండడానికి ఒక ప్రధాన కారణం, అక్కడ బోరు ఎండిన వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూడవలసి రావడమే. ట్యాంకరు ఖర్చును మెయింటెనెన్సులో పంచుకొంటారు కాబట్టి దాన్ని డబ్బులో లెక్కపెట్టవచ్చు. అయితే ట్యాంకరు వచ్చే వేళకు ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఉండి తీరాలి, ఆ ఎవరో ఒకరు దాదాపు ఎప్పుడూ ఇంటి ఇల్లాలే. చవక అద్దె వల్ల మిగిలిన డబ్బు కుటుంబం మొత్తానికి చెందుతుంది, ఆ చవకకు చెల్లించే శ్రమ ఒక్కరి మీద పడుతుంది. కుటుంబం లోపలి న్యాయాన్ని పట్టించుకోని ఏ బడ్జెట్టూ ధర్మబద్ధమైనది కాదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కరలేదు.

వైద్యుడి విషయంలో పెద్దగా చర్చ లేదు; ప్రభుత్వం 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు తెరవడంతో పేద పేటల్లో కూడా ఆ గుర్తు కొంతవరకు నెరవేరింది. నాలుగో గుర్తయిన ద్విజుడి మాట వేరు. ఆ కాలపు అర్థంలో అది ఊరికి చదువూ, కర్మకాండా అందించే కులాన్ని సూచిస్తుంది, ఆ సూచనలో ఊరి నిర్మాణమంతా కులాన్ని బట్టే ఉందన్న సత్యం దాగి ఉంది. దాన్ని చదువు చెప్పేవాడిగా మార్చి అర్థం చెప్పుకొంటే పద్యం నేటి కాలానికి పనికి వస్తుంది. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ, అశోక్‌నగర్ సందుల్లో, గ్రూప్స్ పరీక్షలకు చదివే యువకులు ఇరుకు గదుల్లో ముగ్గురూ నలుగురూ కలిసి అద్దెకు ఉండడం అచ్చంగా ఈ నాలుగో గుర్తును అనుసరించడమే. వాళ్లు గదికి కాక గ్రంథాలయానికీ, తోటి విద్యార్థుల సహవాసానికీ అద్దె కడుతున్నారు. ఆ చేసేది వివేకమైన పని. అయితే కులం అడిగి ఇల్లు ఇచ్చే అలవాటు అదే నగరంలో ఇంకా బతికే ఉన్నందువల్ల, పద్యంలోని పాత అర్థాన్ని లేనట్టుగా దాటవేయడం కూడా సరికాదు.

ఆదాయంలో ఎంత భాగం అద్దెకు ఇవ్వవచ్చునన్న ప్రశ్నకు నేటి ఆర్థిక సలహాదారులు సుమారు 30 శాతం అని ఒక హద్దు చెబుతారు. ఈ హద్దు ప్రకృతి నియమమేమీ కాదు. అమెరికాలో ప్రభుత్వ గృహాల అద్దె ఆదాయంలో 25 శాతం దాటకూడదని 1969లో చట్టం చేసి, 1981లో దాన్ని 30 శాతానికి పెంచారు, ఆ అంకెయే లోకమంతటా సూత్రంగా చెలామణి అయింది. భారతీయ గ్రంథాల్లో ఆదాయ విభజనకు వేరే పద్ధతులు ఉన్నాయి. పాళీ త్రిపిటకంలోని సిగాలోవాద సుత్తం గృహస్థుడు తన సంపాదనను నాలుగు భాగాలు చేసి, ఒక భాగం అనుభవానికీ, రెండు భాగాలు వృత్తికీ వ్యాపారానికీ, నాలుగో భాగం ఆపద్ధనంగానూ ఉంచుకోవాలంటుంది. భాగవతం ఎనిమిదో స్కంధంలో వామనుడికి సర్వస్వం ధారపోయడానికి సిద్ధమైన బలిచక్రవర్తిని వారిస్తూ శుక్రాచార్యుడు చెప్పిన విభజన అయిదు భాగాలది: ధర్మానికి ఒకటి, కీర్తికి ఒకటి, తిరిగి సంపాదించడానికి ఒకటి, సుఖానికి ఒకటి, తనవారికి ఒకటి.

ఈ రెండు విభజనల్లోనూ నివాసానికి వేరుగా వాటా లేదు. ఇల్లు తాతల నాటి నుంచి వచ్చేదనీ, లేదా ఊరు ఇచ్చే స్థలంలో తన చేతులతో కట్టుకొనేదనీ ఆ గ్రంథాల వెనుక ఉన్న లోకం భావించింది. నెల మొదటి వారంలోనే సంపాదనలో మూడో వంతు ఇంకొకరి చేతిలో పెట్టవలసిన గృహస్థుడు ఆ లోకానికి తెలియదు. కాబట్టి నేటి అద్దెదారు ఈ విభజనలను యథాతథంగా పాటించలేడు, అద్దె పోగా మిగిలినదాన్నే పంచుకోవలసి ఉంటుంది. అలా పంచుకొనేటప్పుడు ఏ వాటా ముందుగా కోతకు గురవుతుందో చూస్తేనే అద్దె భారం ఎటువంటిదో తెలుస్తుంది. అనుభవానికి కేటాయించిన వాటా ఎలాగూ తగ్గదు, పిల్లల ఫీజులు ఆగవు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు పంపే డబ్బూ, ఆపదకు దాచే డబ్బూ, దానధర్మాల డబ్బూ ముందుగా కరిగిపోతాయి. శుక్రాచార్యుడి భాషలో చెప్పాలంటే అద్దె పెరిగినప్పుడు తనవారి వాటా, ధర్మం వాటా తగ్గిపోతాయి. ఒక కుటుంబం తాను భరించగల అద్దె ఎంతో తేల్చుకోవడానికి శాతాల హద్దు కంటే ఈ పరీక్ష మేలైనది: ఏ అద్దె దగ్గర తల్లిదండ్రులకు పంపే మొత్తం తగ్గడం మొదలవుతుందో, ఆ కుటుంబానికి అదే గరిష్ఠ అద్దె.

దీనికి ఎదురుగా మరొక లెక్క ఉంది, అది గంటల లెక్క. నెలకు 40,000 రూపాయల జీతం వచ్చే ఉద్యోగి నెలలో 25 రోజులు, రోజుకు 8 గంటలు పనిచేస్తాడనుకొంటే అతడి గంట వెల 200 రూపాయలు. పనిచేసే చోటికి దగ్గరలో ఇంటి అద్దె 15,000 రూపాయలనీ, దూరపు కాలనీలో అటువంటి ఇంటి అద్దె 9,000 రూపాయలనీ, ఆ దూరం వల్ల రానూపోనూ రోజుకు రెండు గంటలు అదనంగా పడుతుందనీ అనుకొంటే, నెలకు 6,000 రూపాయలు మిగుల్చుకోవడానికి అతడు 50 గంటలు ఇస్తున్నాడు, తన సొంత వెల ప్రకారమే అవి 10,000 రూపాయల గంటలు. నిజమే, ఆ గంటలను అతడు ఇంకెక్కడా అమ్ముకోలేడు కనుక ఈ లెక్క చేతికి డబ్బు తెచ్చిపెట్టదు. కానీ ఆ గంటలు అతడివి మాత్రమే కావు. నిద్రపోయేలోపు తండ్రి ముఖం చూడాలనుకొనే పిల్లలవి, మందు వేసుకోమని గుర్తుచేయవలసిన వృద్ధులవి, రోజంతా ఇంటి పని చేసి సాయంత్రానికి సాయం ఎదురుచూసే భార్యవి. భార్య కూడా ఉద్యోగం చేస్తున్న ఇంట్లో చిక్కు రెట్టింపవుతుంది. ఒకరి ఆఫీసుకు దగ్గరైన పేట రెండోవారికి దూరమవుతుంది, అప్పుడు ఎవరి గంటలను త్యాగం చేయాలన్నది తరచుగా ఎవరి జీతం ఎక్కువన్న దాన్ని బట్టి తేలిపోతుంది. అది న్యాయమైన కొలత కాదు. ఇంటికి వచ్చాక వంటింట్లో ఎవరు నిలబడుతున్నారో వాళ్ల ప్రయాణమే తగ్గాలి.

హైదరాబాదులో మెట్రో రైలు 2017 నవంబరులో మియాపూర్, నాగోల్ మధ్య మొదలై, 2018లో ఎల్బీనగర్‌కూ, 2019లో హైటెక్ సిటీకీ చేరడంతో దూరాన్ని కిలోమీటర్లలో కాక నిమిషాల్లో కొలిచే పద్ధతి స్థిరపడింది. స్టేషనుకు నడిచి వెళ్లగల ఇల్లు అన్న మాట టు-లెట్ బోర్డుల్లోనూ, బ్రోకర్ల నోట్లోనూ ఒక గుణంగా చేరింది, దానికి తగ్గట్టు ఆ వీధుల్లో అద్దెలూ పెరిగాయి. అందరి డబ్బు కూడా కొంత కలిసి, అందరి భూమి మీద వచ్చిన సౌకర్యం పక్కనున్న కొద్దిమంది ఇంటి యజమానులకు అదనపు ఆదాయంగా మారడం, దానివల్ల ఎవరి ప్రయాణం సులువు కావాలో ఆ చిన్న ఆదాయాల వాళ్లే స్టేషనుకు దూరంగా జరగవలసి రావడం న్యాయశాస్త్రం ఇంకా సరిగా పట్టించుకోని విషయం. కొన్ని వృత్తులకు మాత్రం దూరం జరిగే వీలే ఉండదు. సినిమా పనివాళ్లలో చాలామంది కృష్ణానగర్ ఇరుకు గదులను వదలలేకపోవడానికి కారణం, తెల్లవారకముందే పిలుపు వచ్చే పని వాళ్లది కావడమే.

ఇక్కడి నుంచి విచారం మరింత మూలానికి వెళ్లాలి. అద్దెకుండే మనిషి ధర్మశాస్త్రం దృష్టిలో ఎవరు? సంప్రదాయం ఇంటి విషయంలో రెండు స్థితులను స్పష్టంగా వర్ణించింది. ఒకటి గృహస్థుడి స్థితి. రెండోది అనికేతుడి స్థితి, అంటే నిలయం లేనివాడి స్థితి. భగవద్గీత పన్నెండో అధ్యాయం భగవంతుడికి ఇష్టుడైన భక్తుడి లక్షణాల్లో అనికేతత్వాన్ని చేర్చింది. దానికి శంకరాచార్యులు నియతమైన నివాసం లేకపోవడమని అర్థం చెప్పగా, రామానుజాచార్యులు ఇల్లు మొదలైన వాటి మీద ఆసక్తి లేకపోవడమని అర్థం చెప్పారు. మొదటి వ్యాఖ్య బయటి స్థితిని చెబుతుంది, రెండోది మనస్సు స్థితిని. భాగవతం పదకొండో స్కంధంలో అవధూత తన గురువుల్లో ఒకటిగా పామును చెప్పుకొంటాడు. ఇల్లు కట్టుకోవడం దుఃఖానికి మూలమనీ, పాము పరులు చేసిన పుట్టలో చేరి సుఖంగా ఉంటుందనీ అతడి మాట. పైపైన చూస్తే ఈ పాము అద్దెదారుకు ఆదర్శంలా కనిపిస్తుంది, సొంతిల్లు కొనలేని బాధకు ఊరటగా ఈ కథను వినిపించేవాళ్లూ ఉన్నారు. అది తప్పు ఊరట. అవధూత ఇంటిని కోరి వదిలినవాడు, అతడికి పిల్లల బడి లేదు, నెలనెలా అద్దె గడువు లేదు, పుట్ట యజమాని వచ్చి మూడు నెలల్లో ఖాళీ చేయమనే భయం లేదు. శంకరులు చెప్పిన బయటి స్థితి అద్దెదారుకు అప్రయత్నంగా వచ్చిపడింది, రామానుజులు చెప్పిన లోపలి స్థితి రాలేదు. అభద్రత వైరాగ్యం కాదు. ఏ రోజు ఖాళీ చేయవలసి వస్తుందోనని భయపడేవాడి మనస్సు సొంతింటివాడి మనస్సు కంటే ఎక్కువగా ఇంటికే అతుక్కొని ఉంటుంది.

మరి అతడు గృహస్థుడా? సొంత ఇల్లు ఉన్నవాడే గృహస్థుడని స్మృతులు చెప్పలేదు. మహాభారతం శాంతిపర్వం గోడలతో కట్టినది ఇల్లు కాదనీ, ఇల్లాలే ఇల్లనీ చెప్పింది. మనుస్మృతి గృహస్థుడిని అతడు ప్రతిదినమూ చేయవలసిన అయిదు మహాయజ్ఞాలను బట్టి గుర్తించింది: చదువును నిలిపే బ్రహ్మయజ్ఞం, దేవతలకు చేసే దేవయజ్ఞం, పెద్దలను తలచే పితృయజ్ఞం, తక్కిన ప్రాణులకు పిడికెడు పెట్టే భూతయజ్ఞం, అతిథిని ఆదరించే మనుష్యయజ్ఞం. వీటిలో ఏదీ ఇంటి పట్టా ఎవరి పేరున ఉందని అడగదు. తెలుగు లోకాచారం ఈ సంగతిని శాస్త్రం కంటే తేటగా గ్రహించింది. రెండు గదుల పోర్షన్‌లో దిగేవాళ్లు కూడా సామాను దించకముందే మంచిరోజు చూసుకొని, దేవుడి పటం లోపల పెట్టి, కొత్త గిన్నెలో పాలు పొంగిస్తారు. శూన్యమాసమని ఆషాఢంలో ఇల్లు మారకుండా శ్రావణం వచ్చేదాకా ఆగుతారు. పదకొండు నెలల అద్దె కాగితం మీద దిగే ఇంటికి కూడా ఇంత మర్యాద చేయడమంటే, అది ఉన్నంతకాలం తమ ఇల్లేనని అంగీకరించడం. వాస్తుదోషం ఫలితం యజమానికా, అద్దెకుండేవాడికా అని చాలామంది పండితులను అడగడం వెనుక కూడా ఇదే భావం ఉంది: ఎవరు అందులో బతుకుతున్నారో ఇల్లు వాళ్లది.

ఇలా చూసినప్పుడు అద్దె ఇళ్ల దగ్గర నిత్యం వినబడే కొన్ని షరతులు కేవలం అసౌకర్యాలుగా మిగలవు. చుట్టాలు తరచుగా రాకూడదనీ, వచ్చినా రెండు రోజులకు మించి ఉండకూడదనీ, నీళ్లు ఎక్కువ వాడకూడదనీ, రాత్రి పదింటికి గేటు వేస్తామనీ చెప్పే యజమాని, తనకు తెలియకుండానే అద్దెదారు మనుష్యయజ్ఞానికి అడ్డుపడుతున్నాడు. అద్దె తీసుకోవడం ఇంటి వాడకానికి ప్రతిఫలం తీసుకోవడమే, అవతలి మనిషి గృహస్థధర్మాన్ని కొనేయడం కాదు. అందుచేత ఇల్లు చూసే కుటుంబం అద్దె తరువాత అడగవలసిన మొదటి ప్రశ్న, అమ్మానాన్నలు వచ్చి ఒక నెల ఉంటే అభ్యంతరమా అన్నదే. దానికి ముఖం చిట్లించే చోట అద్దె ఎంత తక్కువైనా ఆ ఇల్లు ఖరీదైనదే.

ఇరుగుపొరుగు ప్రశ్న దీని తరువాత వచ్చేదే అయినా బరువులో తక్కువది కాదు. ఇంటికంటే ముందు పొరుగును చూడాలని అరబ్బీలో ఒక సామెత ఉంది. ఖురాన్ నాలుగో అధ్యాయం బంధువైన పొరుగువాడితో పాటు పరాయి పొరుగువాడికి కూడా మేలు చేయమని ఆదేశించింది. మంచి పొరుగు అంటే తనలాంటివాళ్ల పొరుగే అన్న అర్థం వీటిలో లేదు, కానీ నగరాలు ఆ అర్థాన్నే అలవాటు చేసుకొన్నాయి. ఈ అలవాటుకు పాత మూలాలు ఉన్నాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణంలో నగర నిర్మాణాన్ని వర్ణిస్తూ ఏ దిక్కున ఏ వర్ణంవారు, ఏ వృత్తివారు ఉండాలో నిర్ణయించి, పాషండులకూ చండాలులకూ శ్మశానం దగ్గర చోటు చూపింది. నేటి నగరంలో అటువంటి శాసనమేమీ లేదు. రాజ్యాంగం 19వ అధికరణం పౌరులకు దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు ఇచ్చింది. అయినా శాకాహారులకు మాత్రమే అన్న బోర్డు, పూర్తి పేరు ఏమిటన్న ప్రశ్న, ఇంటిపేరు విన్నాక ఇల్లు నిన్ననే ఇచ్చేశామన్న జవాబు పాత శాసనం చేసిన పనినే చేస్తున్నాయి. ముస్లింలకు చాలా చోట్ల ఇల్లు అద్దెకు దొరకడమే కష్టంగా ఉందని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది. ప్రైవేటు వ్యక్తి తన ఇంటిని ఎవరికి ఇవ్వాలన్న దాంట్లో చట్టం పెద్దగా జోక్యం చేసుకోదు. ఒక మతానికి చెందినవారికే సభ్యత్వమిచ్చే గృహనిర్మాణ సహకార సంఘం నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా.

దీని పర్యవసానం బడ్జెట్టు అన్న భావాన్నే మార్చేస్తుంది. చేతిలో 12,000 రూపాయలున్న ఇద్దరు మనుషులకు నగరంలో ఒకే పటం తెరుచుకోదు. ఒకరికి ఇరవై కాలనీలు తెరుచుకొంటే, పేరునో కులాన్నో మతాన్నో బట్టి, ఒంటరి స్త్రీ కావడాన్ని బట్టి, పెళ్లికాని యువకుడు కావడాన్ని బట్టి ఇంకొకరికి మూడే తెరుచుకొంటాయి, ఆ మూడింటిలో పోటీ పెరిగి అద్దె పెరుగుతుంది, లేదా ఎవరూ కోరని పల్లపు భూములే మిగులుతాయి. హైదరాబాదులో చవక అద్దెల్లో కొంత భాగం చెరువుల పూర్తి నీటిమట్టం లోపల లేచిన ఇళ్లది. 2020 అక్టోబరు వానలకు టోలిచౌకిలోని నదీం కాలనీ వంటి చోట్ల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. మూసీ వరద 1908లో వేలమందిని పొట్టనబెట్టుకొన్న తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించి, నగరాభివృద్ధి సంస్థను నెలకొల్పి ఇళ్ల నిర్మాణం చేపట్టిన నగరంలోనే వందేళ్ల తరువాత ఇలా జరిగింది. అటువంటి చోట అద్దెకు దిగినవాళ్లను ముందుచూపు లేనివాళ్లని నిందించడం అన్యాయం. తక్కిన తలుపులు మూసి ఉన్నప్పుడు తెరిచి ఉన్న తలుపులోకి వెళ్లడాన్ని ఎంపిక అని పిలవడమే సందేహాస్పదం. ధర్మశాస్త్రం కర్తకు స్వాతంత్ర్యం ఉన్నప్పుడే కర్మఫలానికి బాధ్యుణ్ణి చేస్తుంది. ఇక్కడ స్వాతంత్ర్యం ఇల్లు ఇవ్వనన్నవాడికి ఉంది, కాబట్టి వరదలో తడిసిన బియ్యానికి సంబంధించిన బాధ్యతలో అతడికీ వాటా ఉంది.

నగరాన్ని వర్ణాలవారీగా విభజించిన అదే అర్థశాస్త్రం మూడో అధికరణంలో అద్దె విషయంలో మెచ్చుకోదగిన సమత్వం చూపింది. ఖాళీ చేయమన్నా చేయని అద్దెదారుకు జరిమానా విధించినట్టే, అద్దె కడుతున్నవాణ్ణి అకారణంగా వెళ్లగొట్టే యజమానికీ జరిమానా విధించింది. దౌర్జన్యం, దొంగతనం, పరస్త్రీ అపహరణ, మోసపూరితమైన అనుభవం వంటి తప్పులు చేసినప్పుడు మాత్రమే వెళ్లగొట్టవచ్చునంది. తనంతట తాను నడుమలో వెళ్లిపోయే అద్దెదారు ఆ ఏటికి మిగిలిన అద్దె చెల్లించాలని కూడా చెప్పింది. అంటే అద్దె ఒప్పందానికి సహజమైన కాలం కనీసం ఒక సంవత్సరమనీ, ఆ కాలంలో ఇద్దరూ ఒకరికొకరు కట్టుబడి ఉంటారనీ కౌటిల్యుడి భావన. నేటి పదకొండు నెలల కాగితం పుట్టుక వేరు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించి తీరాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం నిర్దేశించడంతో, ఆ ఖర్చూ శ్రమా తప్పించుకోవడానికి ఏడాదికి ఒక నెల తక్కువగా రాసుకొనే అలవాటు దేశమంతటా పాకింది. కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంది. రాష్ట్రాలు స్వీకరిస్తేనే అది అమల్లోకి వస్తుంది.

పదకొండు నెలల గడువు అద్దెదారు నడవడిని కూడా మలుస్తుంది. వచ్చే ఏడాది ఉంటామో లేదో తెలియని కుటుంబం వీధి మురుగు కాలువ గురించి అర్జీ పెట్టదు, ఓటరు జాబితాలో చిరునామా మార్చుకోదు, పిల్లవాణ్ణి పక్క వీధి ప్రభుత్వ బడిలో చేర్చడానికి జంకుతుంది. చాలా కాలనీ సంఘాల్లో, అపార్టుమెంట్లలో మెయింటెనెన్సు కట్టేది అద్దెదారు, సమావేశంలో చేయి ఎత్తేది యజమాని. బోనాలకూ వినాయక చవితికీ చందా అడిగేటప్పుడు ఇంటివాళ్లుగా లెక్కకు వచ్చినవాళ్లు, నీళ్ల వేళలు నిర్ణయించేటప్పుడు బయటివాళ్లవుతారు. పేట మీద బాధ్యత లేదని అద్దెదారులను తప్పుపట్టే యజమానులు, ఆ బాధ్యత మొలకెత్తడానికి కావలసిన కాలాన్నీ మాటనూ వాళ్లకు ఇవ్వలేదు. అందుచేత బడ్జెట్టును బట్టి పేటను ఎంచుకొనే కుటుంబం గదులనూ గుమ్మాన్నీ చూసినంత శ్రద్ధగా ఒప్పందం కాలాన్ని కూడా బేరమాడాలి. నెలకు వెయ్యి రూపాయలు ఎక్కువైనా మూడేళ్లు ఉండనిస్తానని రిజిస్టరు కాగితం మీద రాసిచ్చే యజమాని దొరికితే ఆ ఇంటినే తీసుకోవడం మేలు, ఎందుకంటే మూడేళ్లలో కిరాణా ఖాతా తెరుచుకొంటుంది, పిల్లలకు బడి మారే బాధ తప్పుతుంది, కాలువ గురించి అడిగే మనిషి ఆ వీధికి ఒకరు పెరుగుతారు. ఆ రిజిస్ట్రేషన్ ఖర్చును నివాస గృహాల వరకు ప్రభుత్వాలు నామమాత్రం చేస్తే, పదకొండు నెలల కాగితం రాసుకోవలసిన అవసరం యజమానికీ ఉండదు, అద్దెదారుకూ ఉండదు.